ఎండలో చూసిన ఇల్లు

కందిపప్పు ఉడికేటప్పుడు గిన్నె అంచున తెల్లటి నురగ కట్టి, పచ్చివాసన పోయి కమ్మటి వాసన మొదలయ్యే ఘడియ ఒకటి ఉంటుంది. కుక్కర్లు వచ్చాక ఆ ఘడియ కాస్తా మూత కింద దాక్కుంది. మొన్న ఆదివారం మా కుక్కరు రబ్బరు తెగిపోయి, పాతకాలపు మనిషిలా పప్పును గిన్నెలో వేసి పొయ్యి దగ్గరే నిలబడ్డాను. హాల్లో మా అమ్మాయి కాళ్ళు మడుచుకుని కూర్చుని ఫోనులో ఫ్లాట్లు చూస్తోంది. తూర్పు ముఖమా, ఎన్నో అంతస్తు, జిమ్ముందా, ఈత కొలనుందా అని తనలో తానే గొణుక్కుంటూ, ఉన్నట్టుండి "అమ్మా, ఇల్లు కొనేటప్పుడు మీ వాళ్ళు ఏం చూసేవాళ్ళే?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే ఆ వాసన గుప్పున వచ్చింది. పప్పు ఉడుకుతుందో లేదో చూసేవాళ్ళమని చెప్పాను. వెటకారమనుకుని అది నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ మాట అక్షరాలా నిజం.

అది మా జేజి మాట. అనంతపురం జిల్లాలో నాన్నను కన్న తల్లిని జేజి అంటాం. మా నాన్న యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా పనికి కుదిరి, అమ్మనూ నన్నూ హైదరాబాదు తెచ్చుకున్న కొన్నేళ్ళకు, తాత పోయాక, ఒంటరిదైపోయిన జేజిని బతిమాలి తీసుకొచ్చాడు. ఆమె వెంట వచ్చిన సామానంతా ఒక ట్రంకుపెట్టె, ఒక ఇసుర్రాయి, మెడకు తాడు కట్టిన ఒక ఇత్తడి చెంబు. ఆమె పుట్టి పెరిగి ముసలిదైన ఊళ్ళో బావులు సంక్రాంతి దాటితే అడుగంటేవట. తరవాత వంకలోకి, అంటే ఎండిన వాగులోకి పోయి, ఇసుకలో చెలమ తీసి, ఊట ఊరేదాకా కూర్చుని, టెంకాయ చిప్పతో ముంచి ముంచి బిందె నింపుకోవాలి. బతుకులో సగం ఆ చెలమల దగ్గర కూర్చునే గడిపానని జేజి చెప్పేది. అందుకే ఆమె చేతిలో నీటిచుక్క వృథా అయ్యేది కాదు. బియ్యం కడిగిన నీళ్ళు ఆకుకూర మడికి, మొహం కడుక్కున్న నీళ్ళు మల్లెపాదుకు, నేను తాగి వదిలేసిన అరగ్లాసు నీళ్ళు ఎవరికి పోవాలో కూడా ఆమె మనసులో నిర్ణయమై ఉండేది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. క్యాంపస్ లో చిన్న ఉద్యోగులకిచ్చిన పెంకుటిళ్ళ వరసలో మాది చివరిది. మా గుమ్మం దాటితే ఇక ఊరు లేనట్టే, అన్నీ గుండ్రటి బండలూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య నడిచి నడిచి నున్నబడిన కాలిబాటలూ. పొద్దున్నే నెమళ్ళు అరిచేవి, వాటి వెనకే మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి రాళ్ళు కొట్టేవాళ్ళ సుత్తెల చప్పుడు మొదలై ఎండ ముదిరేదాకా వినిపిస్తూనే ఉండేది. వేసవిలో రోడ్డు పొడవునా తురాయి పూలు రాలి, వాటి మీద సైకిళ్ళు తొక్కుకుంటూ హాస్టలు అన్నలు పోతుంటే, ఆ పూల కేసరాలు ఏరి మేం కోడిపుంజుల పందెం ఆడేవాళ్ళం. సాయంత్రం హాస్టలు వంటశాలల నుంచి సాంబారు తిరగమోత వాసన గాలిలో తేలి వచ్చిందంటే ఇక ఇంటికి పోవాల్సిన వేళయినట్టు. పగలంతా కాగిన బండ మీద గౌను సర్దుకుని ఆఖరిసారి జారి, వెనకవైపు చిరిగిపోయిన గౌను అమ్మకు కనిపించకుండా గోడ పట్టుకుని పక్కకు నడుస్తూ ఇంట్లోకి పోయేదాన్ని.

ఇంట్లో వాసనలు వేరు. పొద్దున ఉగ్గాని కోసం నానిన బొరుగుల వాసన, మధ్యాహ్నం జొన్నరొట్టె కాలిన వాసన, జేజి రోట్లో నూరే చెనిక్కాయల, అదే వేరుసెనగల, పచ్చడి వాసన. ఉగాదికి ఓళిగలు చేస్తే పూర్ణం రుబ్బేటప్పుడే సగం నా కడుపులోకి పోయేది. పక్కింటి వాళ్ళు నల్లగొండ వైపు వాళ్ళు, వాళ్ళు సంక్రాంతికి సకినాలు పంపితే మేం అరిసెలు పంపేవాళ్ళం, బతుకమ్మ పండగకు వాళ్ళతో పాటు నేనూ బండల్లో తిరిగి తంగేడు పూలు కోసుకొచ్చేదాన్ని. జేజి కూడా వాకిట్లో కూర్చుని, ఆ పూల పేర్లన్నీ మా వైపు ఏమంటారో చెబుతూ తాంబాలంలో పేర్చేది. రాత్రి నేను ఆమె పక్కనే పడుకునేదాన్ని. ఆమె చీరలో పొగచూరిన వాసనా, తమలపాకు వాసనా కలిసి ఉండేవి. ఆ వాసన తగలందే నాకు నిద్ర పట్టేది కాదు.

ఇన్ని ఉన్నా జేజికి ఆ ఇంట్లో ఒక్కటే పొసగలేదు, కొళాయి. మా వరసకంతా కలిపి ఒక్కటే కొళాయి, అది తెల్లవారుజామున కాసేపు వచ్చి పోయేది. బిందెల వరస, వరస తప్పిన బిందె, ఆ బిందె గురించి మాటా మాటా. జేజి ఆ గొడవల్లోకి దిగేది కాదు, ఖాళీ బిందెతో వెనక్కి వచ్చి అరుగు మీద కూర్చునేది. "ఈ వయసులో గూడా నీళ్ళ కోసం ఒగరి మొగం చూడల్లనా నాయనా? ఆ చూసేదేదో మా వంకలోనే చూసుకుంటా, నన్ను బస్సెక్కియ్యి" అని నాన్నతో అనేది. నాన్న ఆమాటా ఈమాటా చెప్పి ఆపేవాడు. కానీ ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా వరస మొత్తం పడగొట్టి అక్కడ కొత్త భవనం కడతారని, శ్రావణం దాటకుండా అందరూ ఖాళీ చేయాలని కబురు వచ్చింది. వేరే క్వార్టరు ఇచ్చే అవకాశం లేదు. విద్యానగర్ లో అద్దెకు రెండు గదులు చూద్దామని అమ్మ అంది. పంచుకునే కొళాయి ఉన్న మరో ఇంటికి తాను రానని, సొంత బావి ఉన్న ఇల్లయితే ఉంటానని, లేదంటే ఊరికి పోతానని జేజి తేల్చి చెప్పేసింది. ఈసారి ఆమె ట్రంకుపెట్టె అటక మీది నుంచి కిందికి దిగింది. అది చూసి నేను జేజి కొంగు వదల్లేదు. నాన్న ఎలాగోలా సొంత ఇల్లే కొందామని నిశ్చయించుకున్నాడు.

అలా మా ఆదివారాలు ఇళ్ళ వేటకు పోయాయి. నాన్నకు ఆఫీసుకు నడిచిపోయేంత దూరంలో ఉండాలి. అమ్మకు వంటింట్లో గాలీ వెలుతురూ ఉండాలి, పొగకు కళ్ళు మండకూడదు. నన్ను ఎవరూ అడగలేదు, అడిగితే జేజి పక్కన నేను పడుకునేంత చోటు చాలని చెప్పి ఉండేదాన్ని. జేజి మాత్రం గదులు చూసేది కాదు. ఇంటివాళ్ళు హాలు, వంటిల్లు, దేవుడి అర అంటూ చూపిస్తుంటే, ఆమె తిన్నగా పెరట్లోకి నడిచి, తన చెంబు తాడు విప్పి బావిలోకి వదిలేది. పైకి వచ్చిన నీళ్ళలో గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు అక్కడే ఉంచుకుని మింగేది. మిగిలిన నీళ్ళు మూత ఉన్న తపేలాలో పోసుకుని ఇంటికి తెచ్చి, పిడికెడు కందిపప్పు అందులో వేసి పొయ్యి మీద పెట్టేది. మంచి నీళ్ళలో పప్పు మెత్తగా ఉడుకుతుంది, చవుడు నీళ్ళలో ఎంతసేపు మండించినా గింజ గింజగానే ఉంటుంది. ఊళ్ళో పిల్లనిచ్చేటప్పుడు కూడా పెద్దవాళ్ళు ఇలాగే ఆ ఇంటి నీళ్ళు చూసేవాళ్ళట.

మాకు ఇళ్ళు చూపించే దలాలు లింగయ్యకు ఈ పద్ధతి బొత్తిగా మింగుడు పడలేదు. నల్ల టోపీ, చంకలో గొడుగు, నోట్లో ఎప్పుడూ పాన్. "సారూ, ఇల్లు చూసెటోళ్ళను చూసిన గాని పప్పు ఉడకబెట్టెటోళ్ళను గీడనే చూస్తున్న" అని నాన్న చెవిలో వాపోయేవాడు. విద్యానగర్ లో మాకు చూపిన ఇల్లు చూడముచ్చటగా ఉంది, మొజాయిక్ గచ్చు, ముందు పారిజాతం చెట్టు. కానీ ఆ నీళ్ళతో పప్పు మధ్యాహ్నం దాకా ఉడికినా గులకరాళ్ళలాగే ఉంది, కట్టెలన్నీ అయిపోయాయని అమ్మ విసుక్కుంది. ఆ తరవాత లింగయ్య తెలివిమీరి, ముసలమ్మకు ఎండలో శ్రమెందుకంటూ ఇంకో ఇంటి నీళ్ళు తానే తపేలాలో పట్టుకొచ్చాడు. పప్పు వెన్నలా ఉడికింది. నాన్న మొహం వెలిగిపోయింది. జేజి ఆ పప్పు వాసన చూసి, "ఇది బాయి నీళ్ళు గాదు నాయనా, కొళాయి నీళ్ళు. మందు వాసన వస్తాండాది" అంది. లింగయ్య టోపీ తీసి తల గోక్కుని, "పెద్దమ్మా, నీ ముక్కుకు దండం" అని పకపకా నవ్వేశాడు. ఆమెకూ నవ్వు వచ్చింది, ఆ పప్పులోనే చింతపండు పిసికి అతనికి భోజనం పెట్టి పంపింది.

ఇలా ఎండలు ముదిరాయి. తార్నాకలో అప్పుడు ఇళ్ళు దూరం దూరంగా, మధ్యలో తుమ్మ చెట్లతో, ఎండిన గడ్డితో ఉండేవి. ఒక సందు మొదట్లో, పెద్ద పరుపుబండ మీద కట్టిన ఇల్లొకటి చూశాం. గాలి బాగా ఆడుతుంది, వంటింటికి రెండు కిటికీలున్నాయి, నాన్న ఆఫీసు నడక దూరమే. అమ్మ అప్పటికప్పుడు పొయ్యి ఎక్కడ వేసుకోవాలో చూసుకుంది. జేజి చెంబు బావిలో వదిలితే అది రాతికి తగిలి ఖణేలుమంది. అడుగున పాము కుబుసం, ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. వానలు పడితే ఊరుతుందని ఇంటాయన అన్నాడు. "వానలు పడితే మా ఊర్లో గూడా ఊరతాది నాయనా" అని జేజి తాడు చెంబు మెడకు చుట్టేసింది. అమ్మ ఆ సాయంత్రం గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమింది.

అదే సందులో కిందికి పోతే, పల్లంలో, సత్తెమ్మ గారి ఇల్లుంది. భువనగిరి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. భర్త పోయాక కొడుకు చదువు కోసం పట్నం వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఇప్పుడా కొడుక్కి కాజీపేటలో రైల్వే ఉద్యోగం వచ్చింది, ఇల్లమ్మి కొడుకు దగ్గరికి పోదామని ఆమె ఆశ. రోహిణి కార్తె ఎండలో రోళ్ళు పగిలిపోతున్న ఆ మధ్యాహ్నం, దారంతా ఎండిన చెట్లే చూస్తూ వచ్చిన మాకు ఆ పెరడు పచ్చగా కనిపించేసరికి కళ్ళు చల్లబడ్డాయి. జామచెట్టు, అరటి పిలకలు, బావి చుట్టూ పుదీనా. బావిలోకి తొంగి చూస్తే నీళ్ళు చెయ్యి చాస్తే అందేంత దగ్గర, అందులో మా మొహాలు కనబడుతున్నాయి. జేజి తాడు విప్పనే లేదు. వంగి చెంబు ముంచింది. మొహం మీద నీళ్ళు చల్లుకుంది. తరవాత బావి గట్టు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తాత పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు. నాన్న పక్కకు తిరిగి జామకాయలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

సత్తెమ్మ గారు గబగబా వచ్చి ఆమె పక్కన కూర్చుని, "ఏమైంది పెద్దమ్మా, ఎండకు తిరిగినవా ఏంది?" అని వీపు నిమిరింది. జేజి తల అడ్డంగా ఆడించి, తేరుకుని, ఇల్లు చుట్టూ చూసి మెచ్చుకోవడం మొదలుపెట్టింది. గదిలో ట్రంకుపెట్టెలన్నీ ఇటుకల మీద ఎత్తుగా పెట్టి ఉన్నాయి, ఎలకల బాధ లేకుండా పెట్టావు, పొందికైనదానివని అంది. బియ్యం గాబు అటక మీదుంది, ఎంత ముందుచూపు అంది. నాలుగు గోడలకీ అడుగున, నా మోకాలెత్తున, ఎర్రటి పట్టీ ఒకటి చుట్టూరా ఉంది. తెలంగాణ ఇళ్ళలో గోడ కింద ఎర్రమట్టితో జాజు పూయడం క్యాంపస్ లో మా పక్కింటివాళ్ళ దగ్గర చూసిందే, అందుకని, "జాజు ఎంత సమంగా పూసినావు తల్లీ, దారం పట్టి గీసినట్టుండాది" అంది జేజి. సత్తెమ్మ గారు ఏదో చెప్పబోయి ఆగిపోయింది. మాకు మజ్జిగ ఇచ్చి, గోడ వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు పప్పు పొయ్యి మీద పెట్టిన కాసేపటికే కరిగి ముద్దయింది. జేజి అందులో నెయ్యి వేసి నాకూ నాన్నకూ తినిపించింది. అమ్మ కూడా ఒక్క ముద్ద తిని, ఆ పరుపుబండ ఇంటి రెండు కిటికీలూ మరిచిపోదామని నిట్టూర్చింది. మరునాడే నాన్న బయానా ఇవ్వడానికి బయల్దేరాడు. సత్తెమ్మ గారు తీసుకోలేదు. మంచి రోజు చూసి చెప్తానంది. మళ్ళీ వెళితే కొడుకుని అడగాలంది. మూడోసారి వెళ్ళేసరికి, "ఆషాఢం పడ్డది సారూ, గిప్పుడు బయానా ఎట్ల ముట్టుత?" అంది. శుభకార్యం కాని నెలలో ఇల్లు మాటాడుకోకూడదన్నది మాకూ పట్టింపే కనక నాన్న సరేనని వెనక్కి వచ్చేశాడు. ఆమె కావాలనే ఆషాఢాన్ని అడ్డం పెట్టుకుందని మాకు తోచలేదు. జేజి ట్రంకుపెట్టె మళ్ళీ అటకెక్కింది. తులసి కోట ఎక్కడ కట్టుకోవాలో, అరటి పిలకలు ఎటు మార్చాలో, బావి గట్టు మీద కూర్చోబెట్టి నాకు తల ఎలా అంటాలో రోజూ చెబుతుండేది. నేను ఊఁ కొడుతూ ఆమె కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయేదాన్ని.

తరవాత వాన వచ్చింది. హైదరాబాదు వాన ఎలా ఉంటుందో క్యాంపస్ గుట్టల మీద ఉన్న మాకు తెలియదు. అక్కడ ఎంత కురిసినా బండల మీద నుంచి జారి ఎటో పోయేది, మేం కాగితప్పడవలు వదిలేలోపే వాకిలి ఆరిపోయేది. ఆ రోజు పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి కూడా ఆగలేదు. అంబర్‌పేట్ నుంచి వచ్చి మా వరసకంతా, సత్తెమ్మ గారి సందులోనూ పాలు పోసే కొమురయ్య గోనెసంచి నెత్తిన కప్పుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "సారూ, సత్తెమ్మక్క రమ్మన్నది. అందర్ని రమ్మన్నది. గిప్పుడే రావాల్నట" అన్నాడు. ఆమెకేమైనా అయిందేమోనని కంగారుపడి, నాన్న నన్ను భుజాన వేసుకుని, అమ్మా జేజీ గొడుగు కింద తడుస్తూ, రిక్షా దొరికినంత దూరం రిక్షాలో, తరవాత నడుచుకుంటూ పోయాం.

సందు పల్లంలోకి దిగేచోట రోడ్డు లేదు, ఎర్రటి నీళ్ళున్నాయి. సత్తెమ్మ గారి పెరడంతా ఒకటే చెరువు. బావి గట్టు ఎక్కడుందో కనబడలేదు, ఆమె జామచెట్టుకూ అరటికీ తాడు కట్టి అటు పోవద్దని గుర్తు పెట్టింది. ఇంట్లో నీళ్ళు సరిగ్గా గోడ మీది ఆ ఎర్రటి పట్టీ దాకా వచ్చి నిలబడ్డాయి. మేం జాజు అనుకున్నది ఏటేటా వాననీరు వదిలిపోయిన మరక. మంచం మీద మూటలు, మూటల మీద కోళ్ళ గంప. సత్తెమ్మ గారు చీర ఎగ్గట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నాన్న నన్ను భుజాన ఇంకాస్త పైకి జరుపుకున్నాడు. జేజి మాత్రం గొడుగు అమ్మ చేతికిచ్చి నీళ్ళలోకి దిగింది. పాదాలు, పిక్కలు, మోకాళ్ళు. రెండు చేతులతో నీళ్ళు తీసి వదిలింది, మళ్ళీ తీసింది. "ఒగ ఇంట్లో ఇన్ని నీళ్ళా నాయనా!" అంది. ఆమె మొహంలో భయం లేదు, పండగ ఉంది. వాన ఎక్కువైతే ఏమవుతుందో ఎన్నడూ చూడని మనిషి ఆమె. మా వంశంలోనే ఎవరూ చూసి ఉండరు. పల్లంలో చోటు దొరకడం మా ఊళ్ళో అదృష్టం, పల్లపు చేను ఉన్నవాడే మోతుబరి, అందుకే ఇంత ఎండలో ఇంత పైన నీళ్ళున్నాయే ఎందుకని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అలా నవ్వుకుంటూ జేజి వంటింటి గుమ్మం దాకా పోయి ఆగిపోయింది. లోపల పొయ్యి మునిగి ఉంది. బూడిద నీళ్ళ మీద తెట్టుగా తేలుతోంది.

"పొద్దుటి నుంచి ఏం తిన్నావు తల్లీ?" అని అడిగింది జేజి. సత్తెమ్మ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎండల వచ్చి చూసిపోయిన్రు. వానల గిట్లుంటదని చెప్తమనుకున్న, నోరు రాలె పెద్దమ్మా. అమ్ముడుపోతే కొడుకు కాడికి పోత గదా అని ఆశ. నువ్వు గోడను మెచ్చుకున్నవు సూడు, ఆనాటి నుంచి బువ్వ సయిస్తలేదు. బాయి కాడ ఏడ్చిన మనిషికి గీ ఇల్లు ఎట్ల అంటగడుత? చెప్తే నమ్మరని వాన దాక ఆపిన" అంది. జేజి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆ నీళ్ళలో అలాగే నిలబడ్డారు. పొయ్యి మునిగే ఇంట్లో పిల్లదాన్ని పెట్టుకుని ఉండలేమని జేజి మెల్లిగా నాన్నతో అంది. ఆమె గొంతులోని పండగ పోయింది. ఇక ఇల్లూ లేదు, బావీ లేదు, శ్రావణం వచ్చేస్తోంది. జేజి ఊరికి పోతుందని నాకు అర్థమై, నాన్న భుజం మీదే వెక్కివెక్కి ఏడ్చాను.

సత్తెమ్మ గారు నా ఏడుపు చూసింది. కొంగుతో నా మొహం తుడిచి, "ఊకో బిడ్డా. నడువుండ్రి నాతోని" అని ముందు నడిచింది. వానలోనే మమ్మల్ని సందు మీదికి, ఆ పరుపుబండ ఇంటికి తీసుకుపోయింది. అక్కడ నీళ్ళు బండ మీది నుంచి జరజరా జారి కిందికి, ఆమె ఇంటి వైపే పోతున్నాయి. అరుగు మీద తడి కూడా నిలవలేదు. "గీ ఇల్లు తీసుకోండ్రి. నీళ్ళు నా బాయిల చేదుకోండ్రి. నేను కాజీపేట పోత గాని బాయి ఏడికి పోదు గదా" అంది. అమ్మ ఆ రెండు కిటికీల వైపు చూసింది. నాన్న జేజి వైపు చూశాడు. జేజి సత్తెమ్మ గారి వైపు చూస్తూ, తడిసిన తల ఊపింది. అంతే, మా ఇల్లు కుదిరింది.

శ్రావణంలో ఇంట్లో పాలు పొంగించాం. సత్తెమ్మ గారి ఇల్లు అమ్ముడుపోవడానికి దసరా దాటింది. కొన్నది ఎవరో కాదు, కొమురయ్యే. బర్రెలకు పుష్కలంగా నీళ్ళు కావాలి, వానకాలం నాలుగు రోజులు మునిగితే వాటికి బాధేముంది, రాళ్ళు పరిచి కొట్టం ఎత్తుగా కట్టుకుంటానన్నాడు. ఆ ఇల్లు కోరి కావాలన్నవాడు అతనొక్కడే. బేరం మా అరుగు మీదే జరిగింది. అన్నీ మాట్లాడుకున్నాక సత్తెమ్మ గారు, "ఒక్కటున్నది కొమురన్నా. గీ పెద్దమ్మ చేదుకున్నన్ని రోజులు బాయికి తాళం ఎయ్యొద్దు. గట్లయితేనే ఇస్త" అంది. ఆ షరతు కోసం బేరంలో ఆమె కొంత తగ్గిందని నాన్న తరవాత అమ్మతో చెబుతుంటే విన్నాను. కొమురయ్య తన తువ్వాలు తీసి భుజాన వేసుకుని సరేనన్నాడు. కాగితం మీద ఎక్కడా రాసుకోలేదు.

ఆ తరవాతి నా బాల్యమంతా ఆ సందు ఎక్కడం, దిగడం. తెల్లవారుతూనే జేజి బిందె చంకన పెట్టుకుని కిందికి దిగేది, చిన్న చెంబుతో నేను వెనకాల. బర్రెల పేడ వాసన, పితికిన పాల నురగ వాసన, తడిసిన పుదీనా వాసన. గట్టు మీద కూర్చోబెట్టి సీకాయతో నా తల రుద్దేది, నురగ కళ్ళలో పడి నేను అరుస్తుంటే కొట్టంలో బర్రెలు తలతిప్పి చూసేవి. బతుకమ్మకు కొమురయ్య ఇంటి ఆడవాళ్ళు మా బండ మీదికి వచ్చి ఆడేవాళ్ళు, పల్లంలో బురదగా ఉండేది కనక. ఏటా పెద్ద వాన పడ్డ రోజు మాత్రం నీళ్ళు చేదే పని లేదు. ఆ రోజు కొమురయ్య ఇంటిల్లిపాదీ మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు, జేజి పెద్ద గిన్నెలో పప్పన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టేది. సత్తెమ్మ గారు ఒక్కసారి మనవణ్ణి ఎత్తుకుని కాజీపేట నుంచి వచ్చింది. తన బావి నీళ్ళు కడుపారా తాగి, జేజి తొడ మీద తల పెట్టుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయింది. ఊరికి పోతానన్న మాట జేజి మళ్ళీ ఎత్తలేదు.

నా పెళ్ళయిన మరుసటేడు జేజి పోయింది. ఆమెకు స్నానం చేయించడానికి నీళ్ళు కొమురయ్యే చేది, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా బిందెలన్నీ తానే మోసుకొచ్చాడు. కర్మలయ్యాక అమ్మ అతన్ని పిలిచి, పెద్దావిడ ఉన్నన్నాళ్ళూ మాట నిలబెట్టుకున్నావు, మాకూ ఇప్పుడు కొళాయి వచ్చింది, ఇక బావికి తాళం వేసుకున్నా మేమేమీ అనుకోమని చెప్పింది. కొమురయ్య చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "తాళం కొనలేదమ్మా" అన్నాడు. పాలక్యాను తీసుకుని సందు దిగిపోయాడు.

ఇప్పుడు ఆ సందులో బావి లేదు, బర్రెలు లేవు, తుమ్మచెట్లు లేవు. మా పరుపుబండ ఇల్లు పడగొట్టి కట్టిన అపార్టుమెంటులోనే రెండో అంతస్తులో నేనుంటున్నాను. కింద పల్లంలో ఐదంతస్తుల భవనం లేచింది. పెద్ద వాన పడితే దాని సెల్లారులోంచి నీళ్ళు తోడే మోటారు చప్పుడు నా బాల్కనీ దాకా వినిపిస్తుంది, వాన వెలిసిన నాలుగు రోజులకు అంతా కడిగి, రంగు వేసి, మళ్ళీ అమ్మకానికుందని బోర్డు కడతారు. సత్తెమ్మ గారి మొహం నాకిప్పుడు స్పష్టంగా గుర్తు లేదు. ఆమె ఎగ్గట్టిన చీర రంగు గుర్తుంది, నా మొహం తుడిచిన కొంగు తడి గుర్తుంది. ఆమె ఆ వేసవిలోనే బయానా తీసుకుని ఉంటే, వానలో ఇల్లు ఎలా ఉంటుందని మేం అడిగేవాళ్ళమే కాదు, ఆమె కొడుకు దగ్గరికి ముందే పోయి ఉండేది, పొయ్యి మునిగిన ఇల్లు చూసి నా జేజి బహుశా ఆ ఏడే బస్సెక్కి ఉండేది. నా చిన్నతనం నాకు దక్కిందంటే ఆమె దయ వల్లే.

మొన్న ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, ఆ భవనం ముందు ఒక పడుచు జంట నిలబడి ఉంది. ఆమె నిండు నెలల గర్భిణి. టై కట్టుకున్న కుర్రాడొకడు వాళ్ళకు కింది అంతస్తు ఫ్లాటు చూపించి, ఇవాళే అడ్వాన్సు ఇస్తే మంచిదని తొందరపెడుతున్నాడు. నేను రెండడుగులు దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చాను. "అమ్మా, కొనేముందు ఒకసారి వానలో వచ్చి చూడండి" అన్నాను. కుర్రాడు నన్ను కొరకొరా చూశాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "వాన పడ్డప్పుడు మాకు ఫోన్ చేస్తరా ఆంటీ?" అని అడిగింది. సంచి కింద పెట్టి, ఆమె నంబరు రాసుకున్నాను.